తాడు చెప్పిన మాట

వెనక్కి తిరిగి చూడనివాడే వీరుడట, సంతాప సభలో మైకు ముందు నిలబడిన సాహిత్యం లెక్చరర్ ఆ మాట మళ్లీ అన్నాడు, ఇతిహాసాల్లో నాయకుడికి వంశం ఉంటుంది, ఆయుధం ఉంటుంది, మాట కోసం ప్రాణం ఇస్తాడు, మీ ఫైర్‌మన్ కూడా అంతే అంటూ బల్ల మీది ఫొటో వైపు చెయ్యి చూపించాడు, ఫొటోలో బావ నవ్వుతున్నాడు, వేదిక పక్కన వింటున్న అతనికి బావతో బంధుత్వమేమీ లేదు, ఒకే ఫైరింజన్ మీద ఏళ్ల తరబడి పనిచేసి బావా అనుకోవడం అలవాటైంది, ఆ వరసనే బావ భార్య తనని అన్నయ్యా అంటుంది, ఇందాక గేటు దగ్గర అడిగింది, అన్నయ్యా, ఒక్క మాట చెప్పు, ఆ మంటల్లోనే ఉండిపోవాలనుకున్నప్పుడు ఆయనకి మేం గుర్తు రాలేదా, అతను నోరు తెరిచేలోగా స్టేషన్ ఆఫీసర్ భుజం మీద చెయ్యేసి పక్కకు లాక్కుపోయాడు, లెక్చరర్ తర్వాత నువ్వే, రెండు ముక్కలు చాలు, లోపల ఎవరైనా ఉన్నారేమో చూడందే రానన్నాడని చెప్పు, పైవాళ్లకి రిపోర్టులో రాసింది కూడా అదే కదా, పతకం వచ్చే వేళ నీ తెలివితేటలు చూపించకు.

రానన్నాడా, ఎప్పుడన్నాడు, పరుపుల గోడౌన్‌లో పొగకి ఎవడి చెయ్యి వాడికే కనపడదు, మనిషికీ మనిషికీ మధ్య తాడే మాట, ఒకసారి లాగితే బాగానే ఉన్నాను, ఆపకుండా లాగితే నన్ను బయటికి లాగు, లోపలికెళ్లింది బావ, తలుపు దగ్గర తాడు పట్టుకున్నది తను, ఒక లాగు వచ్చింది, కాసేపటికి ఇంకొకటి, పరుపులు చూసి నడుం వాల్చాడా ఏంటి వీడు అని తిట్టుకున్నాడు కూడా, ఆ తర్వాత ఆగకుండా లాగుళ్లు, అరచేతిలో చేప కొట్టుకున్నట్టు, గడపకి కాలు తన్ని లాగాడు, కూలిన కప్పు కింద తాడు ఇరుక్కుంది, లాగుళ్లు ఆగలేదు, తర్వాత ఆగాయి, ఇప్పుడు కంచం ముందు కూర్చున్నా చేతిలో అవే, ఆ సంగతి చెబితే వీరుడు కాస్తా ప్రాణభయంతో గింజుకున్న మనిషైపోతాడు, నువ్వెందుకు లోపలికి పోలేదంటారు, పోబోతుంటే నలుగురు నడుం పట్టుకుని ఆపారంటే ఎవరు నమ్ముతారు, చెప్పకపోతే ఆమె బతికినన్నాళ్లూ ఆ ఫొటోని అదే మాట అడుగుతుంది, దేవుడా, కరెంటు పోతే బాగుండు, మైకు చెడిపోతే బాగుండు.

చప్పట్లు, పోవయ్యా అని ఆఫీసర్ మోచేత్తో పొడిచాడు, మెట్ల దగ్గర లెక్చరర్ ఎదురొస్తే అతను దారికి అడ్డం నిలబడ్డాడు, సార్, ఆ కథల్లో వీరులు ఇంటివాళ్ల కోసం ఏడవరా, ఎందుకేడవరయ్యా, పేజీలకు పేజీలు ఏడుస్తారు, సభల్లో అవి చెప్పం అన్నాడు లెక్చరర్, సభల్లో చెప్పరు, ముందు వరసలోంచి ఆమె తన వైపే చూస్తోంది, బావ భయపడే తాడు లాగాడు, అవును, లాగమన్నది మాత్రం తలుపు వైపుకి, తలుపు దాటితే రోడ్డు, రోడ్డు చివర ఇల్లు, చావుకి ఒప్పుకోలేదు వాడు, మైకులో ఎవరో తన పేరు పిలుస్తున్నారు, అతను వెనక్కి తిరిగాడు, ఆమె కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు, చెల్లెమ్మా, బావ వస్తాననే అన్నాడు, చివరిదాకా అదే అన్నాడు.