గోడ చెప్పిన వేడి

మా మామగారికి థర్మామీటరంటే గోడగడియారమే. కుర్చీలోంచి కనిపిస్తే చాలు, ఎక్కడ తగిలించినా ఒకటేనని ఆయన గట్టి నమ్మకం.

అత్తయ్య పదకొండేళ్ళపాటు రోజూ ఉదయం ఏడింటికి పెరట్లో ఉష్ణోగ్రత చూసి నోటుబుక్కులో రాసేవారు. అందుకోసం గాలి ఆడేలా పలకలు పెట్టిన తెల్లటి చెక్కపెట్టె చేయించి, గోడలకు దూరంగా, గడ్డిలో, ఛాతీ ఎత్తున నిలబెట్టించారు. ఆవిడ పోయిన వారానికి మామగారు ఆ థర్మామీటరు తెచ్చి వరండా గోడకు తగిలించారు. నోటుబుక్కులో మాత్రం ఒక్క రోజూ ఖాళీ వదల్లేదు. ఇంట్లో ఎవరమూ ఏడవలేదు. వండాం, తిన్నాం, గిన్నెలు తోముకున్నాం.

నెల తర్వాత నోటుబుక్కు తిరగేస్తే ఆయన అంకెలు ఒక్కసారిగా నాలుగు డిగ్రీలు ఎక్కి కూర్చున్నాయి.

“ఎండలు ముదిరాయమ్మా,” అన్నారు.

“మన వరండాలోనే ముదిరాయా మామయ్యా?”

ఇంకో థర్మామీటరు కొని పెట్టెలో పెట్టాను. అందులో ఇరవై ఏడు, గోడ మీద ముప్ఫై ఒకటి.

“కొత్తది పాడై ఉంటుంది. ఈ రోజుల్లో సరుకంతా అంతే.”

రెండింటినీ అటూ ఇటూ మార్చాను. పెట్టెలో మళ్ళీ ఇరవై ఏడే, గోడ మీద ముప్ఫై ఒకటే.

“అది ఎండ తగిలే గోడ మామయ్యా. మీరు రాస్తున్నది దాని జ్వరం. ఇలాగే సాగితే అత్తయ్య రాసిన పదకొండేళ్ళ లెక్కనూ దేనితోనూ పోల్చడానికి ఉండదు.”

ఆయన పెన్ను తీసి, తను రాసిన ప్రతి అంకె పక్కనా ‘గోడ’ అని రాసుకుంటూ పోయారు.

“మీ అత్తయ్య లేకుండా ఆ పెట్టె దగ్గర నిలబడలేక తెచ్చేశానమ్మా. తప్పు నాదే.”