చీటీ లేనిదే పని లేదు

"ఒక్క ఉల్లిపాయ తేవడానికి పద్నాలుగు అడుగులా! ఫ్యాక్టరీలో అయితే నిన్ను మొదటిరోజే ఇంటికి పంపేసేవాణ్ణి," అన్నాడు భర్త, స్టాప్‌వాచ్ నొక్కి ఆపుతూ.

ఇంట్లోనే ఉన్నదాన్ని ఇంకెక్కడికి పంపుతారనుకుంటూ ఉల్లిపాయ తరిగింది ఆమె.

ఆయన చెప్పుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజరు. వారం రోజులు వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె ప్రతి కదలికనీ రాసుకున్నాడు. భోజనాల దగ్గర పాఠం మొదలయ్యేది. ఒకప్పుడు ఒక్కడే చెప్పు మొత్తం కుట్టేవాడట. తర్వాత పనిని ముక్కలు చేసి తలా ఒకటి పంచారట. ఆపైన ఒకాయన గడియారం పట్టుకుని పనివాళ్ళ పక్కన నిలబడ్డాడట. ఇంకొన్నాళ్ళకి పనే బెల్టు మీద మనిషి దగ్గరికి నడిచొచ్చిందట. చివరికి చీటీ వచ్చిందట. కావలసినవాడు చీటీ పెట్టి అడిగితేనే చెయ్యాలి, అడక్కుండా చేసి పోగెయ్యడం దండగ.

"నా కొడుకు బుర్రే బుర్ర," అంది అత్తగారు, ఖాళీ కంచం ఆమె వైపు తోస్తూ.

ఆమె వడ్డిస్తూ అనుకుంది: ఈ చరిత్రంతటిలో గడియారం పట్టుకున్నవాడు కనిపిస్తాడు. అతని చొక్కా ఉతికినావిడ ఎక్కడ?

మర్నాడే ఆయన మూడు కొక్కేల బోర్డు గోడకు దిగ్గొట్టాడు. అడిగినవి, చేస్తున్నవి, అయిపోయినవి. పైన ఎర్రక్షరాలతో తనే రాశాడు: చీటీ లేనిదే పని లేదు.

చీటీ మాత్రం ఎవరూ రాయలేదు. మామగారు హాల్లోంచి "టీ!" అని కేకేసేవారు. అత్తగారు "మోకాళ్ళకి వేన్నీళ్ళమ్మాయ్" అనేది. భర్త "నీలం చొక్కా ఏదే?" అని అరిచేవాడు. ఆమె తడిచెయ్యి తుడుచుకుని వాళ్ళ చీటీ తనే రాసి, తగిలించి, పని చేసి, మూడో కొక్కేనికి మార్చేది. పని తగ్గలేదు సరికదా, గుమాస్తాగిరీ తోడైంది.

బోర్డుని ఫోటోలు తీసి ఆయన కంపెనీలో చూపించాడు. చప్పట్లు కొట్టారట. టేబులు తుడుస్తుంటే ఆయన అక్కడ చూపించిన కాగితాలు ఆమె కంటబడ్డాయి. "ఆపరేటర్: ఒకరు. శిక్షణ: రెండు రోజులు. ఎవరైనా చేయగలరు."

ఈ వంటింట్లో పదిహేడేళ్ళు. కాగితంలో రెండు రోజులు. ఆమె కాగితం మడత పడకుండా ఎక్కడిదక్కడ పెట్టేసింది.

"వచ్చే గురువారం ఒంటిగంటకి డైరెక్టర్ మేడమ్, ఇంకో ఇద్దరు వస్తున్నారు. వంటిల్లు చూసి ఇక్కడే భోంచేస్తారు. నచ్చితే జనరల్ మేనేజర్ని నేనే. అదరగొట్టెయ్యాలి, తెలుసుగా?" అన్నాడు భర్త.

"మీ పద్ధతి ప్రకారమే చేస్తానండీ," అంది.

బుధవారం దాకా అందరి చీటీలూ తనే రాసింది, గురువారం భోజనం చీటీ ఒక్కటి తప్ప. ఖాళీ కొక్కెం చూసినప్పుడల్లా నాలిక మీద చక్కెర పలుకు కరుగుతున్నట్టుండేది.

గురువారం పన్నెండున్నరకి అత్తగారు ముక్కు ఎగబీల్చింది. "వాసనే లేదేం అమ్మాయ్?"

"చీటీ వస్తే వస్తుందత్తయ్యా."

హాస్యమనుకుని అత్తగారు నవ్వింది.

ఒంటిగంటకి ముగ్గురూ వచ్చారు. పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించి తళతళలాడుతున్నాయి.

"భోజనం ఏదే?" భర్త గొంతు కీచుమంది.

"చీటీ రాలేదండీ."

"నోటితో చెప్పాను కదా!"

ఆమె ఎర్రక్షరాల వైపు వేలు చూపించింది.

డైరెక్టర్ మేడమ్ మూడో కొక్కేన్నుంచి చీటీల కట్ట తీసి తిరగేసింది. టీ, వేన్నీళ్ళు, నీలం చొక్కా. వందల చీటీలు, ఒకటే దస్తూరీ. "ఇవన్నీ రాసిందెవరు?" అంది, ఆయన కళ్ళలోకి చూస్తూ.

"ఆపరేటరు మేడమ్," అంది ఆమె. "ఎవరైనా చేయగలరు. కాగితాల్లో ఉంది."

కొత్త చీటీ రాసి మొదటి కొక్కేనికి తగిలించింది: 'ముగ్గురికి భోజనం. చేయవలసినవారు: ప్రొడక్షన్ మేనేజర్.' మేకుకి వేలాడుతున్న స్టాప్‌వాచ్ నొక్కి మేడమ్ చేతిలో పెట్టింది.

"ఈ వంటకి నాకు నలభై రెండు నిమిషాలు. ఆయనే లెక్కగట్టారు."

సర్ది ఉంచిన సంచీ భుజానేసుకుంది. "రెండు రోజుల్లో నేర్చేసుకోండి," అంది భర్తతో. "రెండు రోజుల తర్వాత రావాలా వద్దా అన్నది నేను చూసుకుంటా."

చెప్పులేసుకుని వీధిలో అడుగుపెడుతుంటే వెనక గిన్నె దబ్బున పడింది. ఆ వెంటనే ఆయన కేక.

"ఏమే, ఉప్పెక్కడుందే?"

చీటీ లేదు. ఆమె వినలేదు.