గాలికి తిరిగిన మీటరు

తెల్లవారకముందే భ్రమరాంబ కుళాయి పక్కన పీట వేసుకుని వత్తులు చేస్తున్నది. విభూతి అద్దుకున్న రెండు వేళ్ల మధ్య దూది సన్నగా సాగి వత్తి అవుతున్నది. మొవ్వ ఊళ్లో ఎవరో పట్టిన లక్షవత్తుల నోముకు పురమాయింపు అది. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఆ వేళ్లు కాయలు కాచిపోయాయి.

భర్త వదిలిపోయిన మూడు వాటాల పెంకుటిల్లు ఆమెది. మునిసిపాలిటీ వాళ్లు కుళాయికి మీటరు బిగించింది మొదలు నీటిపన్ను మూడింతలైంది. నీళ్లు మాత్రం ఒక్క బిందె ఎక్కువ రాలేదు. కట్టకపోతే ఈ రోజే కుళాయి కోసేస్తామని నోటీసు. అద్దెకున్న బడిపంతులు జగన్నాథం జాలిపడ్డాడు.

"మా అందరి అద్దెల్లో కలిపెయ్యండి పిన్నిగారూ."

"నీళ్లు తాగినందుకు పుచ్చుకుంటాను గానీ, గాలి పీల్చినందుక్కూడానా నాయనా?"

ఆ గాలి సంగతి కనిపెట్టింది ఆవిడే. నెల కిందట ఒక వేకువన, తెరిచి ఉంచిన కుళాయి ముందు దూదిపింజె ఎగిరిపోయింది. నీళ్లింకా రాలేదు. మీటరు ముల్లు మాత్రం గిర్రున తిరుగుతున్నది. చదువుకున్న ఇంజనీర్లకు తట్టనిది, వేలిముద్ర వేసే ఈ మనిషికి తట్టింది. జగన్నాథం చేత మూడు అర్జీలు రాయించింది. చివరికి ఇవాళ మునిసిపాలిటీ ఓవర్సీరు సామ్యేలు స్వయంగా చూడటానికి వచ్చాడు.

ఆమె కుళాయి మూతికి నూలుపోగు కట్టి, తిప్పింది. పోగు రెపరెపలాడింది. ముల్లు తిరిగింది. చుక్క నీరు లేదు.

"నీళ్లొచ్చేదాకా కట్టేసి ఉంచొచ్చు కదండీ?" సామ్యేలు అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు.

"కట్టేస్తే వచ్చాయో లేదో ఎట్లా తెలుస్తుంది బాబూ? మీరు చెప్పిన వేళకి వదలండి, నేనప్పుడే తిప్పుతాను."

సామ్యేలు నవ్వేశాడు. కుళాయి కొయ్యొద్దని, పన్ను తగ్గించాలని సాయంత్రంలోగా కాగితం రాసిస్తానన్నాడు.

గెలిచానని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మళ్లీ పీట మీద కూర్చుని, మధ్యాహ్నానికి వత్తులు పూర్తి చేసి, కట్టలు కట్టి, "కాస్త నడుం వాలుస్తానే" అని జగన్నాథం భార్య ఇందిరతో చెప్పి వసారాలో పడుకుంది. సాయంత్రం జగన్నాథం ఆ కాగితం తెచ్చి ఎన్నిసార్లు పిలిచినా లేవలేదు.

మర్నాడు వేకువన ఆవిడకు స్నానం చేయించడానికి ఇందిర బిందె పెట్టి కుళాయి తిప్పింది. నీళ్లింకా రాలేదు. మూతికి కట్టిన నూలుపోగు రెపరెపలాడుతున్నది.