ఒక్కతే మోసిన పేరు

ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. కావాలంటే నా కళ్ళజోడు మీద ఒట్టు, నోట్లో మిగిలిన నాలుగు పళ్ళ మీద ఒట్టు. ఎక్కడైనా కాస్త పెద్దదిగా అనిపిస్తే అది జరిగినదాని తప్పు గానీ చెప్పినదాని తప్పు కాదు.

ప్రసూతి ఆసుపత్రిలో ఒక ఆయా ఉండేది. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి వరండా తుడిచేది. తడిసిన దుప్పట్లు మార్చేది. నొప్పులు పడుతున్నవాళ్ళ నడుములు రాసేది. వాళ్ళకంటే గట్టిగా ఏడ్చే మొగుళ్ళకి మంచినీళ్ళు తాగించి బయట బెంచీ మీద కూలేసేది. సాయంత్రానికి ఆవిడ కాళ్ళు ఎంత వాచేవంటే, పరుపుల గది తలుపు సందులో పట్టక పక్కకి తిరిగి దూరాల్సొచ్చేది. ఇంటికెళ్ళి నడుం వాల్చిందో లేదో, ఎవరో ఒకరు పిలిచేవారు.

ఆసుపత్రిలోంచి పిలిచినా, రేవులోంచి పిలిచినా, ఊరవతల ఇటుకల బట్టీలోంచి పిలిచినా ఒకటే. చెవి పక్కన నిలబడి పిలిచినట్టు వినబడేది. వినబడ్డాక వెళ్ళకుండా ఉండగలిగే మనిషి కాదు.

అంతా ఆ పేరు వల్లే. ఆవిడ పుట్టినప్పుడు అమ్మమ్మా నాయనమ్మా ఇద్దరూ తమ పేరే పెట్టాలని భీష్మించుక్కూర్చున్నారు. ఇల్లు రెండు రాజ్యాలైంది. వంటింట్లో ఒకళ్ళు, ముందుగదిలో ఒకళ్ళు. మేనత్తలూ పిన్నులూ గిన్నెలు విసురుకున్నారు. అందులో ఒకటి ఇంకా కిందికి దిగలేదు. పిల్ల తండ్రి తాపీ మేస్త్రి. పగలంతా ఎండలో గోడ కట్టి వచ్చి, సిమెంటు చేతులతో గుమ్మంలో నిలబడి, ఈ రభస చూసి, "ఎవరిదీ కాని పేరు పెడతా. ఇక నోళ్ళు మూసి నాకింత తిండి పెట్టండి" అని, అప్పటిదాకా లోకంలో ఎవరూ పలకని మాటొకటి పలికాడు. మూడే అక్షరాలు. పలికితే ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్ళు పుక్కిలించినట్టుంటుంది.

లోకం మొత్తానికి ఆ పేరు ఆవిడొక్కదానికే. పిలుపుకి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. అందుకని తిన్నగా ఆవిడ దగ్గరికే వచ్చేది.

ఊళ్ళోవాళ్ళకి ఇందులో వింతేమీ కనబడలేదు. సదుపాయం కనబడింది. నొప్పులొచ్చినవాళ్ళు అమ్మని తలుచుకోవడం ఎప్పుడో మానేసి ఆవిడనే పిలిచేవారు. అక్కడితో ఆగితే బాగుండేది. తాళంచెవి కనబడకపోతే పిలిచేవారు. పిల్లి గోడెక్కి దిగకపోతే పిలిచేవారు. ఒకాయన భార్య అలిగితే పిలిచి, "కాస్త మీరైనా చెప్పండమ్మా" అన్నాడు.

"అత్తయ్యా, చేతిలో ముద్ద పట్టుకుని ఎక్కడికి?" అనేది కోడలు. బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పని ఆ అమ్మాయికి.

"పిల్లి."

"మొన్న దింపిన పిల్లేనా?"

"అదే. మళ్ళీ ఎక్కిందట."

బాలింతలు మాత్రం ఆవిడ చెయ్యి వదిలేవారు కాదు. "ఆడపిల్ల ఆయా! నీ పేరే పెట్టుకుంటాం."

"నోర్ముయ్యి. పసిగుడ్డుకి ఈ చాకిరీ ఎందుకే? పాలు తాగుతుంటే ఎవడో పిల్లి కోసం పిలుస్తాడు, పొలమారుతుంది. ఇంకేదైనా పెట్టుకో."

తనకి వినబడినవన్నీ ఆ పిల్లకీ వినబడతాయని ఆవిడ భయం. అలా అడిగిన ప్రతివాళ్ళనీ కసిరి పంపేసేది. ఆ పేరు ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

చివరికి ఒకరోజు బకెట్టుతో సహా మెట్ల మీద కూలబడింది. డాక్టరు గుండె చూసి, నిద్ర లేకపోతే ఏడాది తిరగదన్నాడు. పెద్ద నర్సు పక్కన కూర్చుంది.

"సెలవు పెట్టు."

"పెట్టి?"

"పడుకో."

"పిలుస్తారు సిస్టర్."

"అయితే పనే మానెయ్యి."

"మానేస్తే జీతం ఆగుతుంది. పిలుపాగుతుందా?"

పెద్ద నర్సు లేచెళ్ళింది. వెచ్చటి నీళ్ళు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. కాళ్ళు అందులో పెట్టేలోపే రెండో గదిలోంచి పిలుపొచ్చింది.

పిలిచింది చేపలావిడ. ఆవిడ గొంతెలాంటిదంటే, బజార్లో ధర చెబుతుంటే బుట్టలో చచ్చిన చేపలు కూడా ఓసారి తోకాడించేవి. పదిమందికి సరిపడా అరిచి ఆడపిల్లని కంది. కని, అలవాటు ప్రకారం పేరడిగింది. ఆయా అలవాటు ప్రకారం కసిరింది.

"ఏం, పేరు నీ సొత్తా?" అంది చేపలావిడ. "పిల్ల నాది. దాని గొంతు కూడా నాదే. ఎవడైనా పిలిస్తే విననీ. ఒళ్ళుమండితే తిరిగి తిడుతుంది."

అని, పక్కమంచాలవాళ్ళందరి ముందూ పెట్టేసింది.

మర్నాడు ఆయా పొయ్యి దగ్గరుండగా పిలుపొచ్చింది. ఎప్పటిలా తిన్నగా రాలేదు. గోడ అవతలి నుంచి వచ్చినట్టు, సగమే వచ్చింది. మిగతా సగం ఎక్కడికెళ్ళిందో తెలిసి, పొయ్యి కూడా ఆర్పకుండా చేపలావిడ ఇంటికి పరిగెత్తింది.

పిల్ల బుట్టలో పడుకుని కిలకిలా నవ్వుతోంది.

"పొద్దుట్నించీ ఇంతే" అంది చేపలావిడ, కత్తి తుడుచుకుంటూ. "ఎవరో నిన్ను పిలిచినప్పుడల్లా దీనికి చక్కిలిగిలి. ఇదేమన్నా లేచి వెళ్ళాలా, చెయ్యాలా? ఒక చేపని ఇద్దరికి కోస్తే చెరి సగం వస్తుంది. ఇరవై మందికి కోస్తే ముల్లు కూడా గుచ్చుకోదు. ఇన్నాళ్ళూ చేపంతా నీ గొంతులోనే ఇరికించుకున్నావు కదే, పిచ్చిదానా!"

ఆయా గడప మీద కూర్చుంది. ఏడుద్దామనుకుంది గానీ ఓపిక చాలక ఆవలించింది.

ఆ రోజు నుంచి అడిగినవాళ్ళని కసరడం మానేసింది. ఇంక చూడు! ఊళ్ళో పుట్టిన ఆడపిల్లలందరిదీ అదే పేరు. పొరుగూళ్ళకి పాకింది. రైలెక్కింది. రేవులో ఒక పడవకి కూడా పెట్టారు. ఎవరైనా పిలిస్తే ఆ పడవ తనంతట తాను జానెడు ఒడ్డుకి జరిగేది. బళ్ళో టీచరమ్మ ఆ పేరు పిలిస్తే క్లాసంతా లేచి నిలబడేది. మగపిల్లలు మాత్రం కూర్చుని కుళ్ళుకునేవారు. విసుగెత్తి టీచరమ్మ "కిటికీ దగ్గరదానా, జడ ఊడినదానా, పెన్సిలు నమిలేదానా" అని పిలవడం మొదలెట్టింది.

ఆయాకి పిలుపులు సన్నబడ్డాయి. మొదట ఒక కునుకు దొరికింది. తరవాత ఒక మధ్యాహ్నం దొరికింది. డాక్టరు చెప్పిన ఏడాది దాటింది, దాని మీద ఇంకో నాలుగు దాటాయి. వాపు తగ్గిన పాదాలు ఎవరివో అనుకుని ఆవిడే ఒకసారి తన పాదాల కోసం వెతుక్కుంది. ఒంట్లో పేరుకున్న అలుపు మాత్రం ఒక పట్టాన దిగలేదు. ఎంత పడుకున్నా ఇంకా పాత బాకీ నిద్రే పోతున్నట్టుండేది.

అప్పటికి కోడలికి నెలలు నిండుతూ వచ్చాయి.

"అత్తయ్యా, నొప్పులప్పుడు మీరు నా పక్కనే ఉండాలి."

"పేరు పెట్టి పిలువు. వస్తా."

"అత్తని పేరు పెట్టి పిలవనా!"

"నొప్పుల్లో మర్యాదేవిటే? గట్టిగా పిలువు, ఇప్పుడు నాకు సరిగ్గా వినబడడం లేదు."

చెప్పిన రోజుకంటే ముందే, మిట్టమధ్యాహ్నం, టికెట్ల కిటికీ దగ్గరే నొప్పులొచ్చేశాయి. మొగుడు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. బస్సువాళ్ళే ఆసుపత్రిలో దింపారు. ఆయా ఆ పూట ఇంట్లో నిద్రపోతోంది. కోడలు మంచం పట్టీ పట్టుకుని, మొదట "అత్తయ్యా" అంది. తరవాత మర్యాద వదిలేసి, పైకప్పు లేచిపోయేలా పేరు పెట్టి పిలిచింది.

ఆయా పక్కకి ఒత్తిగిలింది. అంతే.

పొద్దువాలాక లేచింది. పక్కింటావిడ కబురు చెబితే, చెంప మీద దిండు మడతతోనే పరిగెత్తింది. దారిపొడుగునా ఒకటే ఆలోచన. ఊరందరి పిల్లల దగ్గరికీ వెళ్ళాను. పిల్లుల కోసం కూడా వెళ్ళాను. నా ఇంటి పిల్ల పిలిస్తే పడుకున్నాను.

వరండాలో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఎటు చూసినా ఆడపిల్లలు. పలక పట్టుకున్నది, జడ సగం వేసుకున్నది, నోట్లో పెన్సిలున్నది. వెనకాల వాళ్ళ వాళ్ళ అమ్మలు, పిండి చేతులతో, సబ్బు చేతులతో. లోపల కోడలి మంచం పక్కన చేపలావిడ.

"వచ్చావా?" అంది. "ఊరంతా వచ్చాం, నువ్వే ఆలస్యం. మాది బల్ల మీంచి దూకి నా కొంగు పట్టుకుని ఈడ్చుకొచ్చింది. అన్నీ అంతే. చక్కిలిగిలి కాదమ్మా, ఈసారి ఎవరో చెయ్యి పట్టుకు లాగారు అంటున్నాయి."

ఆయా కోడలి తల నిమిరింది. "నేను రాలేదే."

"ఎవరొచ్చారో చూడలేదు అత్తయ్యా" అంది కోడలు, కళ్ళు తెరవలేక. "చెయ్యి చాపాను. పట్టుకోడానికి చెయ్యి దొరికింది. కాస్త చేపల వాసనొచ్చింది."

పెద్ద నర్సు కుర్చీ తెచ్చి వేసింది. ఆ ఆసుపత్రిలో చేరాక ఆయా కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఎవరో గ్లాసుతో మంచినీళ్ళిచ్చారు. ఒడిలో మనవరాల్ని పెట్టారు. చుట్టూ అంతమంది ఉన్నా ఆవిడతో ఎవరికీ పని లేదు.

"దీనికోసం ఒక పేరు వెతికిపెట్టా అత్తయ్యా. ఎవరికీ లేనిది, సరికొత్తది."

ఆయా ఉలిక్కిపడింది. "వద్దే! కొత్తది వద్దు. ఊళ్ళో అందరికంటే ఎక్కువమందికి ఏ పేరుందో అది పెట్టు."

"అది మీ పేరే కదా!"

"నాదెక్కడుందే ఇంకా?" అని, పిల్లని ఒడిలో సర్దుకుని, కుర్చీలోనే తల వాల్చి గురక పెట్టింది. ఆ గురకకి వార్డులో పిల్లలందరూ ఏడుపు మానేసి నిద్రపోయారు. ఇది నేను విన్నాను.

ఆవిడ ఇప్పటికీ ఉంది, మధ్యాహ్నమంతా పడుకునే ఉంటుంది. కానీ పిలుపు ఇంకా పిసరు మిగిలింది. ఎవరైనా మరీ గట్టిగా పిలిస్తే, నిద్రలోనే ఆవిడ కాలు మంచం దిగి చెప్పు కోసం తడుముతుంది. ఇంకొక్కరు ఆ పేరు పుచ్చుకుంటే అది కూడా ఆగిపోతుంది.

అందుకే చెబుతున్నా, ఇంతసేపు కూర్చున్నావు, ఇక లే. మీ మేడ మీద అద్దెకున్న అమ్మాయికి నిన్న ఆడపిల్ల పుట్టిందట కదా. వాళ్ళు ఏదో ఒకటి పెట్టేసేలోపు వెళ్ళి నామాటగా చెప్పిరా. ఇలా దగ్గరికి రా, పేరు చెవిలో చెబుతాను. మెట్లెక్కుతూ పైకి అనుకోకు సుమా. ఆవిడ ఇప్పుడే పడుకుంది.