పేరు చెప్పని స్టేషన్

నేను ఒక మూడు బ్యాండ్ల ట్రాన్సిస్టర్ రేడియోను. దీపాలు పెట్టే వేళలోగా నా నిర్దోషిత్వం తేలకపోతే నన్ను ఉల్లిపాయలకు మార్చేస్తారు.

గేటు బయట పాత సామానుకు ఉల్లిపాయలిచ్చే బండి ఆగి ఉంది. బండి అప్పన్న తక్కెడ చేత్తో పట్టుకుని మేడ వైపే చూస్తున్నాడు. మేడ మీద గదిలో ముగ్గురు పెద్దమనుషులు అరుచుకుంటున్నారు. నా వీపు మూత ఊడదీసి బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. హోమియో డాక్టరు సత్యకేశవులు గారు నా పేగుల్లో స్క్రూడ్రైవరు పెట్టి కెలుకుతున్నారు.

"ఇందులో జబ్బేం కనబడటం లేదండీ," అన్నారాయన చివరికి.

"కనబడకపోతే ముదిరిందన్నమాట!" అన్నారు విశ్వపతి గారు. రిటైరైన తహసీల్దారు, ఈ మేడకు యజమాని, మా సంఘానికి అధ్యక్షులు. "నా రేడియోలో అది సంకేతంలా వినబడుతోంది. నీ రేడియోలో వినబడుతోందా డాక్టరూ? ఆ! మరి గవర్రాజు మాస్టారి డబ్బాలోనే ఎందుకు గుర్రు పెడుతోంది? డబ్బాకి చెవుడు!"

గవర్రాజు మాస్టారు నా యజమాని. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన గుండెలు విరుచుకుని నిలబడ్డారు.

"ఆయ్, గుర్రుని గుర్రంటే చెవుడంటారేంటండీ తాసిల్దారుగారూ? అది స్టేషనూ కాదు, పాడూ కాదు. ఈ వీధిలోదే ఏదో గోల. నిరూపిస్తాను. నిరూపించలేకపోతే ఈ రేడియోని అప్పన్న బండిలో పడేసి, నేను మళ్లీ ఈ మెట్లెక్కను!"

పౌరుషంలో మనుషులు తమ ఆస్తిని పందెం కాస్తారని విన్నాను. ఆస్తిని ముందుగా ఒక మాట అడగరని ఆ రోజే తెలిసింది.

అసలు సంగతి చెబుతాను. మాది పాలకొల్లు హ్రస్వతరంగ శ్రోతల సంఘం. షార్ట్‌వేవ్‌లో దూరదేశాల స్టేషన్లు పట్టుకోవడం మా వాళ్ల పని. ఊళ్లో మమ్మల్ని గురగుర క్లబ్బు అంటారు. సభ్యులు ముగ్గురు, రేడియోలు మూడు. సాయంత్రం కాగానే మేడ గదిలో చేరి, భాష తెలియని వార్తలు కళ్లు మూసుకుని వింటూ తలలూపుతారు.

కొన్నాళ్లుగా మా రేడియోల్లో ఒక వింత శబ్దం మొదలైంది. గుర్ర్ర్ అంటుంది. ఆగుతుంది. మళ్లీ గుర్ర్ర్. ముల్లు ఎక్కడికి తిప్పినా అదే. ఒక స్టేషన్ డయలంతా పరుచుకుని ఉండదన్న చిన్న అనుమానం ఎవరికైనా రావాలి. విశ్వపతి గారికి అందుకు సరిగ్గా తలకిందులైన ఆలోచన వచ్చింది. డయలంతా నిండిందంటే అది ఎంత శక్తిమంతమైన స్టేషన్ అయి ఉండాలి! పసిఫిక్ సముద్రంలో ఏదో దీవి మీద నుంచి జలాంతర్గాములకు రహస్య సంకేతాలు పంపుతున్నారని ఆయన తేల్చారు. అంతటితో ఆగకుండా ఆ స్టేషన్‌ని తానే కనిపెట్టినట్టు ప్రకటించుకున్నారు.

గొడవ అక్కడ వచ్చింది. మా వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఎంత దూరపు స్టేషనైనా, ఎంత బాగా వినబడినా, అది తన పేరు తన నోటితో చెప్పేదాకా లెక్కలోకి రాదు. పేరు చెప్పని గుర్రును లెక్కలోకి ఎలా తీసుకుంటారని గవర్రాజు మాస్టారు నిలదీశారు. ఆ నిలదీయడమే పెరిగి పెరిగి అప్పన్న బండి దాకా వచ్చింది.

మాస్టారికి ఇది మామూలు పందెం కాదు. ఇంట్లో టీవీ కోడలిది, సెల్లు మనవడిది, అరుగు ఎదురింటి పిల్లిది. ఆయన మాట వినేవాళ్లూ, ఆయనకు వినడానికి ఏదైనా ఉండేదీ ఈ మేడ గదిలోనే. ఇక్కడి మెట్లు మూసుకుపోతే సాయంత్రాలు ఆయన ఎక్కడ కూర్చోవాలి?

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. ఒక ఇరుకు షెడ్డులో, నాలాంటి వాళ్లు మరో వందమందితో కలిసి పుట్టాను. మొదట ఒక లారీ డ్రైవరు కొన్నాడు. ఆయన నాతో పాటు పాడేవాడు. ఆయన పాడినప్పుడల్లా నా బ్యాటరీలు తీసేయాలని క్లీనరు ఆశపడేవాడు. ఎందుకంటే నేను ఆగితేనే ఆయన ఆగేవాడు. తర్వాత ఒక పెళ్లిలో కానుకగా వెళ్లాను. ఆ కొత్త దంపతులు మొదటి పోట్లాటలో నన్ను గోడకేసి కొట్టారు, సర్దుకున్నాక జాలిపడి రబ్బరు బ్యాండు చుట్టారు. వాళ్లే నన్ను వాలీబాల్ పోటీల్లో బహుమతిగా ఇచ్చేశారు. రిఫరీగా వచ్చిన గవర్రాజు మాస్టారికి నేను దక్కాను. గెలిచిన జట్టు స్టీలు బకెట్టు కావాలంది మరి.

మా గదిలో మిగతా ఇద్దరి గురించీ చెప్పాలి, అసూయ లేకుండా చెబుతాను.

విశ్వపతి గారిది పెద్ద వాల్వుల రేడియో. పేరు భూపతి. టేకు చెక్క ఒళ్లు, గుడ్డ ముఖం. గొంతు విప్పితే బావిలోంచి పలికినట్టు గంభీరంగా ఉంటుంది. ఎవరు తిట్టినా అందులో దీవెనలా వినబడుతుంది. అదే దాని గొప్ప, అదే దాని రోగం. పచ్చి గుర్రును కూడా తేనెలో ముంచి వినిపించి విశ్వపతి గారిని ముంచింది. పైగా స్విచ్చి వేశాక ఒళ్లు వేడెక్కేదాకా నోరు తెరవదు. తెరిచాక ఒక స్టేషన్ మీద కుదురుగా నిలబడదు. మెల్లగా పక్కదేశంలోకి జారుతుంది. కదిలించాలంటే నలుగురు కావాలి.

డాక్టరు గారిది అంకెల రేడియో. ఎన్నో మీటరో, ఎన్నో కిలోహెర్ట్జో చుక్కతో సహా చూపిస్తుంది. వందల స్టేషన్లు గుర్తుపెట్టుకుంటుంది. అయితే మేడ మీద కట్టిన పొడుగాటి తీగ దానికి తగిలించారో, ఒకేసారి అన్ని దేశాలూ మీద పడి ఉక్కిరిబిక్కిరవుతుంది. గొంతు డబ్బాలో గులకరాయి. దాన్ని వాడే పద్ధతి రాసిన పుస్తకం చదవడానికి డాక్టరు గారు ఇంకో కళ్లజోడు చేయించుకున్నారు.

ఇక నేను. నా ముల్లు వెడల్పు కింద మూడు దేశాలు హాయిగా పడుకోవచ్చు. ఒకే స్టేషన్‌ని రెండుచోట్ల పలికి ఇద్దరున్నారని నమ్మిస్తాను. చలికాలం వీపు మీద చరిస్తే తప్ప పలకను. కానీ నాకు గోడలో ప్లగ్గు అక్కర్లేదు. చంకలో పెట్టుకుంటే ఊరంతా తిరిగి వస్తాను.

"పోనీ, ఇంట్లో మెయిన్ ఆపేసి చూద్దామాండీ?" అన్నారు డాక్టరు గారు ఉన్నట్టుండి. "గుర్రు ఆగితే ఇంట్లోది. ఆగకపోతే దీవిది."

క్షణంలో తేలిపోయే ఉపాయం.

"మెయినా? భూపతి ఇప్పుడిప్పుడే వేడెక్కిందయ్యా!" విశ్వపతి గారు భూపతిని రెండు చేతులా పట్టుకున్నారు. "ఇప్పుడు ఆపితే మళ్లీ ఎప్పటికి కుదురుకుంటుందో, ఏ దేశంలో తేలుతుందో!"

ఆశ్చర్యం ఏమిటంటే, పందెం కాసిన మా మాస్టారు కూడా తల అడ్డంగా ఊపారు. "నిజమేనండోయ్. వేడెక్కిన వాల్వు సెట్టుని ఆపకూడదు. పాపం." ఉపాయం చెప్పిన డాక్టరు గారే చెంపలు వేసుకున్నారు. వీళ్ల భక్తి అలాంటిది. నా ప్రాణం పోయినా ఫరవాలేదు, భూపతి చల్లారకూడదు.

అప్పుడే గుర్ర్ర్ మొదలైంది.

మాస్టారు నా మూత బిగించి, రబ్బరు బ్యాండు చుట్టి, నన్ను చంకలో పెట్టి మెట్ల వైపు దూకారు. "డాక్టరుగారూ, మీరు భూపతి దగ్గరే ఉండండి. ఆగితే అరవండి! తాసిల్దారుగారూ, మీరు సాక్షి, నాతో పదండి!"

నా కడుపులో ఒక నల్ల కడ్డీ ఉంది. మీడియం వేవ్ పెట్టి నన్ను గుండ్రంగా తిప్పితే, ఆ కడ్డీ కొస గోల పుట్టే వైపుకు తిరిగినప్పుడు నా గొంతు సన్నబడుతుంది. పక్కకు తిరిగితే పెరుగుతుంది. అచ్చం వీధిలో ఆడవాళ్లలా, మగవాళ్లలా: ఎదురుపడితే నోరు మూస్తాను, పక్కకు తిరిగాక మొదలుపెడతాను. ఒకటే చిక్కు. గోల ముందుందో వెనకుందో కడ్డీకి తెలియదు.

మాస్టారు ముందనుకున్నారు. నన్ను తిప్పుకుంటూ వీధిలో పడ్డారు. వెనక విశ్వపతి గారు, ఆ వెనక తక్కెడతో అప్పన్న. ఎదురింటి కొబ్బరికాయల వర్తకుడి వరండాలో చేపల తొట్టె బుడగలు వదులుతోంది.

"ఇదిగో దొంగ!" అని మాస్టారు దాని మీదకు వంగారు. వర్తకుడి భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఏంటండీ మాస్టారూ, చేపలకి పాటలు వినిపిస్తున్నారా?"

"పాటలు కాదమ్మా, నేరం పట్టుకుంటున్నాం!"

"మా చేపలు అలాంటివి కావండీ," అందామె.

నిజమే. తొట్టె ప్లగ్గు పీకినా గుర్రు ఆగలేదు. పైగా అడుగు ముందుకు వేసిన కొద్దీ నా గొంతు పలచబడుతోంది. దూరమవుతున్నాం. అప్పన్న తక్కెడ పళ్లాలు సరిచేసుకున్నాడు.

"అయ్యా, చీకటి పడతందండి. ఉల్లిపాయలు సంచీలో పొయ్యమంటారా?"

మాస్టారి నుదుటి మీద చెమట నా డయలు మీద పడింది. ఆయన ఒక్క క్షణం ఆగారు. తర్వాత తన జీవితమంతా పిల్లలకు ఇచ్చిన ఆజ్ఞను తనకే ఇచ్చుకున్నారు. వెనక్కి తిరిగారు.

గుర్రు పెరిగింది. గేటు దగ్గర ఇంకా. వాకిట్లో ఇంకా. మేడ మెట్ల వైపు నడిస్తే తగ్గింది. కింది వాటా వైపు నడిస్తే చెవులు చిల్లులు పడేంత. విశ్వపతి గారి ముఖంలో రంగు మారింది. ఆయన గబగబా ముందుకొచ్చి వంటింటి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"లోపల అత్తయ్యగారున్నారు. ఆవిడ… జపంలో ఉంటారు."

"టీ పెడుతున్నానయ్యా!" అని లోపల్నుంచి కేక వచ్చింది. "జపమేంటి? మీ గుంపుకి టీలు కాయడమే నా జపం!"

మాస్టారు ఆయన చంక కింద నుంచి దూరిపోయారు. విశ్వపతి గారి అత్తగారు భాస్కరమ్మ గారు గిన్నె పెడితేనే పనిచేసే, నల్లటి గాజు పలక లాంటి కరెంటు పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. దాని మీద టీ గిన్నె. నేను మాస్టారి చేతిలో పిచ్చెక్కినట్టు గుర్రుమంటున్నాను.

"పిన్నిగారూ, ఆ గిన్నె దించండి!"

ఆవిడ కంగారుగా దించారు. నేను టక్కున నోరు మూశాను. మేడ మీద నుంచి డాక్టరు గారి కేక: "స్టేషన్ ఆగిపోయిందండోయ్!"

"పెట్టండి!"

గుర్ర్ర్. "మళ్లీ వచ్చిందండోయ్!"

"దించండి! పెట్టండి! దించండి! పె…"

"ఏమయ్యా గవర్రాజూ," అన్నారు భాస్కరమ్మ గారు గిన్నె గాల్లో పట్టుకుని, "ఈ వయసులో నాతో డ్రిల్లు చేయిస్తున్నావా?"

మాస్టారు నన్ను గుండెకు హత్తుకున్నారు. "తాసిల్దారుగారూ, మీ పసిఫిక్ దీవి దొరికిందండి. దీని మీద టీ కాస్తున్నారు."

విశ్వపతి గారు మెట్ల వైపు తిరిగారు. "అయితే దోషి ఈ పొయ్యి. తేలిపోయింది. పదండి పైకి."

"ఆగండి అల్లుడుగారూ." భాస్కరమ్మ గారు గిన్నె కింద పెట్టారు. "పొయ్యి నడుచుకుంటూ వచ్చిందా? నేను ఏళ్ల తరబడి గ్యాసు మీద వండాను. నిక్షేపంలాంటి పొయ్యి. దాన్ని అటకెక్కించి, ఈ పలక తెచ్చి పెట్టిందెవరు? ఎందుకు పెట్టారో కూడా మాస్టారికి చెప్పండి."

"అది… విదేశీ కంపెనీ వాళ్లు…"

"కంపెనీ వాళ్లు వచ్చి అటకెక్కారా?"

ఆయన గోడ వైపు చూశారు. "గ్యాసు లైటరు టిక్కుమన్నప్పుడల్లా భూపతిలో టక్కుమంటోంది. ఆ చప్పుడు లేకుండా ఉంటుందని…"

ఒక్క టక్కు పోవడానికి వెయ్యి గుర్రులు తెచ్చి, ఆ గుర్రుకు దేశం కట్టబెట్టి, ఆ దేశం కోసం నన్ను ఉల్లిపాయలకు పెట్టారన్నమాట. నాకు నవ్వొచ్చింది. నవ్వడం రాదు కాబట్టి కొంచెం గరగరలాడాను.

మెట్ల మీద డాక్టరు గారు దిగి వచ్చారు. గుమ్మంలో అప్పన్న తొంగి చూస్తున్నాడు. భాస్కరమ్మ గారు కరెంటు పొయ్యి ప్లగ్గు పీకి అతని చేతుల్లో పెట్టారు.

"దీనికి ఎన్ని ఉల్లిపాయలిస్తావురా?"

"రేడియో కన్నా ఎక్కువే ఇస్తానండమ్మా!"

మాస్టారు మాత్రం కదల్లేదు. అటెన్షన్‌లో నిలబడి ఉన్నారు. "కట్టుబాటు కట్టుబాటేనండి తాసిల్దారుగారూ. పేరు నోటితో చెప్పందే లెక్కలోకి రాదు."

"అందరికీ తెలిసిందేగా, మళ్లీ చెప్పడమెందుకయ్యా?"

"చెప్పాలండీ," అన్నారు డాక్టరు గారు.

"చెప్పండి అల్లుడుగారూ," అన్నారు భాస్కరమ్మ గారు.

విశ్వపతి గారు కండువా సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. జీవితంలో కొన్ని వేల స్టేషన్ల పేర్లు విన్న మనిషి కదా, ఎలా చెప్పాలో ఆయనకు బాగా తెలుసు. కళ్లు మూసుకుని, ఒక్కో మాటా విడివిడిగా, నిదానంగా, దూరదేశాల వాళ్లకు కూడా వినబడేలా పలికారు.

"ఇది… పాలకొల్లు. ఇంతవరకు మీరు విన్నది… వాడ్రేవు విశ్వపతి."