రెండు చుక్కలు

మొదటి చుక్క ఊడిరానని మొండికేసింది. సుమిత్ర కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, జెర్సీ మీది అయిదు మూలల పసుపు చుక్క కిందికి బ్లేడు మొన పోనిచ్చింది. దారం తెగలేదు. ఇంత బిగువుగా ఎవరు కుట్టారని తిట్టబోయి ఆగింది. కుట్టింది తనే.

సిరిసిల్లలోని ఆ బట్టల కంపెనీలో పొద్దుటినుంచీ ఇదే పని. దేశంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ లీగులో ఆడే ఒక క్లబ్బు, దుకాణాల్లో ఎండకు వెలిసిన జెర్సీలను వాపసు పంపి, చుక్కలు తీసేయమంది. ఒక్కో చుక్క ఒక్కో కప్పు గెలిచిన గుర్తు. సూపర్‌వైజర్ ప్రణయ్ టీ తాగుతూ కారణం చెప్పాడు. మొదటి కప్పప్పుడు లీగుకు ఒక పేరు, రెండో కప్పప్పుడు ఇంకో పేరు, ఇప్పుడు మూడోది. క్లబ్బును కొత్తగా కొన్న ఆసామి, చరిత్ర ఈ మూడో పేరుతోనే మొదలంటున్నాడట.

"బంతి మారిందా సారూ?"

"బంతి గదే అక్కా. పేరే మారింది."

"మరి గా పోరగాండ్లు అప్పుడు ఉరికింది ఉరుకుడు గాదా?"

ప్రణయ్ నవ్వి, ఖాళీ గ్లాసు ఆమె మిషను మీదే పెట్టి పోయాడు.

సుమిత్రకు ఫుట్‌బాల్ తెలిసింది తక్కువ. ఒక్క బంతి కోసం అంతమంది తోసుకోవడం చూస్తే తమ వాడలో నల్లా నీళ్లు వచ్చిన వేళ గుర్తొచ్చేది. ఆ రోజు ఆమె ధ్యాసంతా, మిషన్ల వరసకు పెద్దగా ఉండే లైన్ లీడర్ పని మీదుంది. ఇన్నాళ్లూ అది చూసిన మైసయ్య దిగిపోయాడు. అందరికన్నా పాతవాళ్లకే ఆ పని ఇవ్వడం అక్కడి రివాజు. ఆమెకన్నా పాతవి ఆ షెడ్డులో గోడలే.

అన్నం గిన్నెలు కడుక్కునే వేళకు పేరు చెప్పారు. సౌమ్య. సుమిత్ర దగ్గరే సూదికి దారం ఎక్కించడం నేర్చుకున్న పిల్ల. పాపం, తల ఎత్తలేదు.

మెడలో వేసుకునే కార్డు మీద, చేరినట్టు రాసిన తేదీయే లెక్క అన్నాడు ప్రణయ్. కంపెనీ పేరు రెండుసార్లు మారింది, మారినప్పుడల్లా కార్డులూ మారాయి. కిందటిసారి కొత్త కార్డులిచ్చిన వారం సుమిత్ర అత్త దినాల్లో ఉంది; ఆమె కార్డు మీద తర్వాతి వారం తేదీ పడింది. అక్కడ ఆమె విస్తళ్లలో అన్నం వడ్డిస్తుండగా ఇక్కడ జూనియర్ అయిపోయింది.

"పాత పేర్ల మీద చేసింది లెక్కకు రాదక్కా. నా చేతుల ఏం లేదు."

"పేర్లు మీరు మార్చుకుంటిరి. మిషను తొక్కింది నేను గాదా?"

ప్రణయ్ ఫోను చూసుకున్నాడు.

సుమిత్ర మిషను దగ్గరికొచ్చి, కుట్లు విప్పిన జెర్సీని కిటికీ వెలుతురుకు పట్టింది. వెలిసిన నీలం మధ్య, చుక్కలు తీసిన చోట, ఎండ తగలని రెండు ముదురు చుక్కలు. ఉన్నప్పటికంటే బాగా కనిపిస్తున్నాయి. పట్టపగలు చుక్కలు కనబడటమంటే ఇదే కాబోలనుకుంది.

సాయంత్రం సౌమ్యను పిలిచింది. "కిటికీ పక్క మిషను దారం తెంపుతది బిడ్డా, జర చూస్కో." తర్వాత సుమిత్ర మిషను కాసేపు నడిచింది. ఏం కుడుతోందో ఎవరూ చూడలేదు.

మర్నాడు సుమిత్ర రాలేదు. ఆ పై నాడూ రాలేదు. కోరుట్లలో చెల్లెలు రజని దుకాణంలో జాకెట్లు కుడుతోందని తర్వాత తెలిసింది.

ఆమె కార్డు మిషనుకే వేలాడుతోంది. ప్రణయ్ బ్లేడు పట్టుకుని కాసేపు కుస్తీపట్టి వదిలేశాడు. చేరిన తేదీకి సరిగ్గా పైన, మెడతాడు మీద, రెండు పసుపు చుక్కలు, బిగువు కుట్టుతో.