వెనకాల వచ్చే కారు

"వెనకాల ఎవరైనా వస్తున్నారేమో చూసుకుంటూ పరిగెత్తు," అన్నాడు భర్త. అప్పుడామె అతని కోసం టిఫిన్ డబ్బాలో అన్నం సర్దుతోంది. అప్పటికి ఆమె వెనకాల ఎవరూ రావడం లేదు. "సరే" అని మూత నొక్కింది. ఆ మాటను పట్టించుకోలేదు. ఈ దేశానికి వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఎవరేమన్నా ముందు "సరే" అనేసి, పని అయ్యాక దాని గురించి ఆలోచించడం ఆమెకు అలవాటు. పని ఎప్పటికీ అయ్యేది కాదు కాబట్టి చాలా మాటలు ఆలోచించకుండానే మిగిలిపోయేవి.

పరుగు నేర్పింది కింద వాటాలో ఉండే నర్సు. తెలుగు పిల్లే. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఉద్యోగం ఇప్పించిందీ ఆ పిల్లే. "వదినా, మడతపెట్టి మడతపెట్టి నువ్వు కూడా ఏదో ఒకరోజు మడతపడిపోతావు. లే, బూట్లేసుకో," అని తెల్లవారుజామున లాక్కుపోయింది. మొదటిరోజు వీధి చివరిదాకా వెళ్ళేసరికి ప్రాణం గొంతులోకి వచ్చి, ఎవరిదో గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత ఆ గోడ దాటింది, పార్కు దాటింది, కాలవ మీది వంతెన దాటింది. ఎండలు మొదలయ్యే రోజుల్లో ఈ ఊళ్ళో నలభై రెండు కిలోమీటర్ల పందెం ఉంది. ఇద్దరూ పేర్లిచ్చారు.

ఆమెకు అక్కర్లేనిది గెలవడం. కావలసింది ఆ పొద్దుటి వేళ. ఆ కాసేపు ఆమెను ఎవరూ ఏమీ అడగరు. తువ్వాలు ఎక్కడ, మాత్రలు ఎక్కడ, నిన్నటి కూర ఉందా పారేశావా, అన్న గొంతులన్నీ ఒక్కొక్క మలుపు దగ్గర ఒక్కొక్కటిగా వెనకబడిపోయి, చివరికి తన ఊపిరి చప్పుడొక్కటే మిగులుతుంది. పెళ్ళయ్యాక తన ఊపిరి తనకు వినపడటం అప్పుడే.

ఇంట్లో మొదట నవ్వులాటగా తీసుకున్నారు. స్నేహితులు భోజనానికి వస్తే భర్త అందరిముందూ అనేవాడు: "మా ఆవిడ రోజూ పొద్దున్నే ఇంట్లోంచి పారిపోతుంది. ఆకలేస్తే మళ్ళీ తనే వచ్చేస్తుంది." అందరూ పగలబడి నవ్వేవారు. ఆమె కూడా నవ్వుతూ వడ్డించేది. అత్తగారు మాత్రం, "ఈ వయసులో ఆ పొట్టి లాగులేమిటమ్మాయ్, చూసేవాళ్ళ కళ్ళకి అడ్డం పెట్టగలమా," అనేది. లాండ్రీ సూపర్‌వైజరు ఆమె వాచిన పాదాలు చూసి, "పరిగెత్తే ఓపికుంటే ఇంకో షిఫ్టు చెయ్యొచ్చుగా," అన్నాడు. తన ఓపిక అందరికీ చెందినదేననీ, తను దాన్ని దొంగతనంగా వాడుకుంటోందనీ అనిపించేది.

చలి ముదిరాక నర్సుకు రాత్రి డ్యూటీ వేశారు. ఆమె ఒంటరిగా వెళ్ళడం మొదలుపెట్టింది. వెనకాల చూసుకుంటూ పరిగెత్తమని భర్త అన్నది అప్పుడే. ఆ తర్వాత కొన్నాళ్ళకే కారు వచ్చింది.

పార్కు పక్క రోడ్డులో ఇళ్ళుండవు. ఒకవైపు ఇనప కంచె, ఇంకోవైపు మూసేసిన గోడౌన్లు. వెనక నుంచి వెలుతురు పడి తన నీడ రోడ్డు పొడుగునా సాగింది. కారుకు దారిద్దామని పక్కకు జరిగింది. కారు దాటి వెళ్ళలేదు. ఆమె వేగం పెంచితే అదీ పెంచింది. తగ్గితే తగ్గింది. తిరిగి చూస్తే రెండు దీపాల మంట తప్ప ఏమీ కనపడలేదు. ఆ తర్వాత దీపాలు ఆరిపోయాయి. వెలుతురు ఉన్నప్పటి కంటే అదే ఎక్కువ భయపెట్టింది. చీకట్లో చక్రాల కింద తడి రోడ్డు నలిగే చప్పుడు మాత్రం నెమ్మదిగా, తన అడుగులకు సరిపడా వస్తూనే ఉంది.

ఇంటివైపు పరిగెత్తింది. ఎలా వచ్చిందో తెలియదు. భర్త దుప్పటి గడ్డం దాకా కప్పుకుని నిద్రపోతున్నాడు. మంచం అంచున కూర్చుంటే అతని పాదాలు చేతికి తగిలాయి, మంచుముక్కల్లా ఉన్నాయి. అంత భయంలోనూ జాలేసి, దుప్పటి లాగి పాదాలు కప్పింది.

చెప్పగానే అతను లేచి కూర్చుని తల నిమిరాడు. "నేను చెప్పానా లేదా?"

"పోలీసులకి చెబుదామండీ."

"ఏమని చెబుతావు? రోడ్డు మీద కారొచ్చిందనా? నవ్విపోతారు. పరాయి దేశం. మనంతట మనం వాళ్ళ కళ్ళల్లో పడటం దేనికి?"

ఆ రోజంతా ఎన్నడూ లేనంత ప్రేమగా ఉన్నాడు. తన కాఫీ తనే కలుపుకున్నాడు. అత్తగారు పొద్దున్నే లేచి దీపం పెట్టుకునే మనిషి. కోడలి ముఖంలోకి చూడకుండా, "అందుకే మానెయ్యమన్నాను. పెద్దవాళ్ళ మాట ఊరికే పోతుందా," అంది.

కారు ఆ తర్వాత కూడా వచ్చింది. ఆమె దారి మార్చింది. కారూ మార్చింది. వేళ మార్చింది. కారు ఆ వేళకే వచ్చింది. ఏ దారిన వెళుతున్నదీ ఆమె ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో చెప్పడమైనా భద్రత కోసం చెప్పి వెళ్ళమని భర్త అన్నాడు గనక. లాండ్రీలో మిషను ఆగితే ఉలిక్కిపడటం మొదలైంది. కూరలో ఉప్పు మరిచిపోతోంది. చివరికి భర్తే ఉపాయం ఆలోచించాడు. ఇంట్లోనే పరిగెత్తే మిషను కొన్నాడు. బట్టలుతికే గదిలో గోడకు ఎదురుగా పెడదామన్నాడు. "ఎంతసేపైనా పరిగెత్తు. నిన్నెవరు కాదన్నారు? అమ్మ పిలిస్తే పలకడానికీ వీలుంటుంది."

ఆమె సరే అంది. ఈసారి పని మధ్యలోనే ఆలోచించింది, ఎదురుగా గోడ, పక్కన మాసిన బట్టల బుట్ట, వెనక నుంచి "అమ్మాయ్" అన్న కేక. అయినా సరే అంది. భయం మనిషి చేత దేనికైనా సరే అనిపిస్తుంది.

మిషను శనివారం పగలు వస్తుందన్నారు. శుక్రవారం సాయంత్రం వానలో సరుకులు తెచ్చారు. అతను ఫోన్లో మాట్లాడుతూ పైకి వెళ్ళిపోయాడు. ఆమె రెండు చేతులా సంచులు పట్టుకుని కారు వెనక తలుపును నడుముతో నెట్టి మూసింది. సీటు బెల్టు కొస తలుపు సందులో ఇరుక్కుని, దాని ఇనప నాలుక బయట వేలాడుతూ ఉండిపోయింది. తర్వాత సరిచేద్దాంలే అనుకుంది. పైకి వెళ్ళాక పొయ్యి, అంట్లు, అత్తగారి కాళ్ళకు నూనె. మరిచిపోయింది.

శనివారం తెల్లవారకముందే లేచింది. రోడ్డు మీద ఇదే ఆఖరిసారి, కాలవదాకా వెళ్ళి వచ్చేస్తాను, అని రాత్రే చెప్పింది. "జాగ్రత్త," అన్నాడు భర్త.

పొగమంచు పట్టి ఉంది. కంచె దాటేసరికి నీడ ముందుకు సాగింది. వచ్చింది. ఆమె వెనక్కి తిరగలేదు. వంతెన ఇంకెంత దూరమో చూసుకుంటూ పరిగెత్తింది. దీపాలు ఆరాయి. చక్రాల చప్పుడు. దానితో పాటు ఇవాళ ఇంకో చప్పుడు. టక్. కాసేపాగి మళ్ళీ టక్. రోడ్డు గతుకుల మీద ఇనుము రేకుకు కొట్టుకుంటున్న చప్పుడు.

కాళ్ళు వాటంతటవే పరిగెడుతున్నాయి. ఆమె మాత్రం నిన్న సాయంత్రపు వానలో సంచులు పట్టుకుని నిలబడి ఉంది. నడుముకు తలుపు తగిలిన చోటు గుర్తొచ్చింది. చేతికి తగిలిన చల్లటి పాదాలు గుర్తొచ్చాయి. తను వాటికి దుప్పటి కప్పింది. దొంగ అయితే బాగుండును, తాగుబోతు అయితే బాగుండును, ఎవడో ముక్కూముఖం తెలియనివాడైతే ఎంత బాగుండును అనిపించింది. ఇన్నాళ్ళూ భయమేస్తే ఇంటివైపు పరిగెత్తేది.

వంతెన పక్క నుంచి మెట్లు దిగితే కాలవ గట్టు, మనుషులు నడిచే దారి. కార్లు దిగలేవు. ఆమె మెట్లు దిగింది. పైన కారు ఆగింది. టక్ మన్న చప్పుడూ ఆగింది. అతను పైనుంచి చూస్తున్నాడని వీపుకు తెలిసింది. పిలుస్తాడేమో అనుకుంది. పిలవలేదు. పిలిస్తే గొంతు తెలిసిపోతుంది.

గట్టు దారిన చుట్టూ తిరిగి ఇల్లు చేరేసరికి తెల్లవారింది. షెడ్డులో కారు ఉంది. వెనక తలుపు కింద బెల్టు కొస బురదకొట్టుకుపోయి వేలాడుతోంది. దాన్ని సరిచేయలేదు. మెట్లెక్కింది.

"బూట్లతో లోపలికా? నీకేమైనా మతిపోయిందా అమ్మాయ్!" దేవుడి మందిరం దగ్గర నుంచి అత్తగారు కేకేసింది. ఆమె ఆగలేదు. తుడిచిన నేల మీద తడి బురద అడుగులు వేసుకుంటూ పడకగదిలోకి వెళ్ళింది. భర్త గడ్డం దాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఆమె దుప్పటి కొస ఎత్తి పాదాలు ముట్టుకుంది. ఈసారి కప్పలేదు.

"వెనక సీటు బెల్టు బయటికి వేలాడుతోందండీ," అంది, కూర చల్లారిపోతోందండీ అన్నంత మామూలుగా. "రోడ్డు పొడుగునా తలుపుకు కొట్టుకుంటూనే ఉంది."

అతను కళ్ళు తెరవలేదు. ఊపిరి మాత్రం ఆగింది.

గుమ్మంలో అత్తగారు గోడ పట్టుకుని నిలబడింది. "వాడు నిన్ను కాచుకోవడానికే వచ్చాడే," అంది గబగబా. అనేశాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆమె అత్తగారి వైపు తిరిగింది. "కాచుకునేవాళ్ళు దీపాలార్పరు అత్తయ్యా."

బీరువాలో నుంచి తన పాస్‌పోర్టు, లాండ్రీ పనికి వేసుకెళ్ళే బట్టలు తీసుకుంది. కింద వాటాలో నర్సు డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, తలుపు తీసిన చప్పుడైంది. వెనక మంచం కిర్రుమంది. అతను లేచాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, పరిగెత్తనూ లేదు. తుడిచిన నేల మీద, వచ్చిన అడుగుల పక్కనే, వెళ్ళే అడుగులు ఒక్కొక్కటిగా వేసుకుంటూ నడిచింది.